తిప్పతీగ మహిమా, దాన్ని అంటుకున్న సూక్ష్మజీవి మహిమా?

2020 వేసవి తర్వాత బెంగళూరులో తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే మారతహళ్ళి, కె.ఆర్. పురం వైపు అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోకి కొత్తగా ఒక కుండీ వచ్చి చేరింది. అందులో పాకే తీగను పక్కింటి కన్నడిగులు అమృతబళ్ళి అంటారు. పై అంతస్తులోని ఉత్తరాది వారు గిలోయ్ అంటారు. అనంతపురం నుంచి వచ్చి మనవల దగ్గర ఉంటున్న నాయనమ్మకు అది చిన్నప్పటి నుంచీ తెలిసిన తిప్పతీగ, జ్వరం పడి లేచినవారికి ఇచ్చే తిప్పసత్తుకు మూలం. పేర్లు ఎన్ని ఉన్నా దాని గురించి ఆ భవనంలో వినిపించే మాట మాత్రం ఒక్కటే: ఇమ్యూనిటీ పెంచుతుంది. ఆధారమేమిటని అడిగితే సాధారణంగా రెండు సమాధానాలు వస్తాయి. మొదటిది తరతరాల వాడకం, రెండోది ‘పరిశోధనల్లో తేలింది’ అన్న మాట. అనుభవాన్ని తూచే పద్ధతి వేరు కాబట్టి మొదటిదాన్ని పక్కన పెట్టవచ్చు. రెండోదాన్ని మాత్రం విప్పి చూడాల్సిన అవసరం ఉంది. ఒక మూలిక సారం రోగనిరోధక వ్యవస్థ మీద పనిచేస్తుందని ప్రయోగశాలలో ఎలా తేలుస్తారు, అలా తేలిన ఫలితంలో మొక్క వాటా ఎంత అన్నవి తేలికైన ప్రశ్నలు కావు.

చిక్కు ‘పెంచడం’ అన్న మాటతోనే మొదలవుతుంది. హిమోగ్లోబిన్‌కు ఉన్నట్టు రోగనిరోధక శక్తికి ఒక అంకె లేదు. శరీరంలోకి వచ్చినదాన్ని మింగేసే మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు, ఒక్కో శత్రువును గుర్తుపెట్టుకునే టీ కణాలు, యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు, వీటన్నిటి మధ్య కబుర్లు మోసే సైటోకైన్‌లు, వాటితోపాటు ఈ దండు హద్దు మీరకుండా పట్టి ఉంచే కణాలు కూడా ఆ వ్యవస్థలో భాగమే. రక్తపరీక్ష కాగితం మీద తెల్లకణాలు 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలని రాసి ఉంటుంది. అది 20,000 అయితే ఇమ్యూనిటీ పెరిగిందని ఏ డాక్టరూ అభినందించడు, ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉందోనని వెతుకుతాడు. రుమటాయిడ్ కీళ్లవాతం, ల్యూపస్, ఆస్తమా వంటివన్నీ ఈ వ్యవస్థ చేయకూడని చోట, చేయకూడనంత పనిచేయడం వల్ల వచ్చేవే. కషాయాలు మరిగించుకున్న ఆ 2020లోనే బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్, వెంటిలేటర్ మీద ఉన్న కోవిడ్ రోగుల మరణాలను డెక్సామెథసోన్ దాదాపు మూడో వంతు తగ్గిస్తుందని చూపించింది. డెక్సామెథసోన్ రోగనిరోధక చర్యను అణిచే మందు.

అందుకే శాస్త్రపత్రాల్లో ‘పెంచడం’ అనరు, ఇమ్యునోమాడ్యులేషన్ అంటారు. వినడానికి ఇది జాగ్రత్తగా ఎంచుకున్న పదంలాగే ఉంటుంది, కానీ ఇందులో ఒక వెసులుబాటు దాగి ఉంది. సైటోకైన్ పెరిగితే మాడ్యులేషన్, తగ్గితే కూడా మాడ్యులేషన్. ఏ ఫలితం వచ్చినా ఓటమి లేని పదం పరీక్షకు పనికిరాదు. చెన్నైలో డెంగీ, కోవిడ్ కాలాల్లో విరివిగా పంచిన కషాయాల్లో ఉండే నేలవేమునే తీసుకుంటే, దాని చేదుకు కారణమైన ఆండ్రోగ్రఫోలైడ్ అనే పదార్థం వాపు ప్రక్రియను రగిలించే ఎన్ఎఫ్-కప్పా-బీ అనే ప్రొటీన్‌ను పట్టుకుని పనిచేయకుండా ఆపుతుందని 2004లోనే ప్రయోగశాలలో చూపించారు. అంటే ‘బూస్టర్’ పేరుతో జనం తాగినదానిలోని ముఖ్య పదార్థానికి బాగా తెలిసిన గుణం ఎగదోయడం కాదు, నెమ్మదింపజేయడం. అది మంచిదే కావచ్చు, కానీ సీసా మీది మాటకు అది సరిగ్గా వ్యతిరేకం.

పరీక్షకు తీసుకున్నది ఏ మొక్క అన్నది తర్వాతి ప్రశ్న. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చాలా పరిశోధనలు ఇక్కడే బలహీనపడతాయి. తిప్పతీగకు దగ్గరి బంధువు టైనోస్పోరా క్రిస్పా. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతింటోందన్న వార్తలు వచ్చినప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో ఈ రెండిటి తేడాలు వివరించింది. తిప్పతీగ కాండం పచ్చగా ఉంటుంది, పాలు కారదు, పండు గుండ్రంగా ఎర్రగా ఉంటుంది. క్రిస్పా కాండం బూడిదరంగులో బుడిపెలతో ఉంటుంది, పాలవంటి స్రావం వస్తుంది, పండు కోలగా నారింజ రంగులో ఉంటుంది. పచ్చి తీగ చేతిలో ఉన్నప్పుడు ఈ తేడా చూడవచ్చు. బెంగళూరు అవెన్యూ రోడ్డు చుట్టుపక్కల మూలికలమ్మే గ్రంధిగె అంగళ్లలో ఎండబెట్టి ముక్కలు కొట్టి గోనెసంచిలో పోసినదాన్ని చూసి పండు ఆకారం చెప్పడం ఎవరి తరం? తిప్పతీగ బెరడు మీద కూడా చిన్న చిన్న మొటిమల్లాంటివి ఉంటాయన్నది దీనికి తోడు.

బజారు సరుకులో కలగలుపు ఎంత అన్నది బెంగళూరు పరిశోధకులే లెక్కకట్టి చూశారు. జీకేవీకేలోని వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన బృందం దక్షిణ భారతంలోని మూలికల దుకాణాల నుంచి నేల ఉసిరి నమూనాలు తెచ్చి ఆకార లక్షణాలతోనూ డీఎన్ఏతోనూ పోల్చి 2010లో ఫలితాలు ప్రచురించింది. 76 శాతం నమూనాల్లో ఉన్నది దాదాపుగా అసలైన నేల ఉసిరే. మిగిలిన 24 శాతంలో అదే ప్రజాతికి చెందిన మరో ఐదు మొక్కలు బయటపడ్డాయి. ఇది మోసమే కానక్కర్లేదు. పొలం గట్టున ఒకదాని పక్కన ఒకటి మొలిచే చిన్న మొక్కలను పీకి కట్టకట్టే కూలీకి వాటి తేడా తెలియకపోవడంలో వింత లేదు. అందుకే పద్ధతి పాటించే పరిశోధకులు తాము వాడిన మొక్క కొమ్మనొకదాన్ని నొక్కి ఎండబెట్టి, సంఖ్య వేసి హెర్బేరియంలో దాస్తారు. యలహంక దగ్గర ఆత్తూరులో ఉన్న ట్రాన్స్‌డిసిప్లినరీ విశ్వవిద్యాలయంలో, 1993లో ఎఫ్ఆర్ఎల్‌హెచ్‌టీగా మొదలైన సంస్థ పెంచుకుంటూ వచ్చిన ఔషధ మొక్కల హెర్బేరియం అలాంటిదే. ‘స్థానిక మార్కెట్లో కొన్నాం’ అని మాత్రమే రాసి ఊరుకున్న పత్రాన్ని పదేళ్ల తర్వాత సరిచూసుకునే దారి ఉండదు.

మొక్క సరైనదే అనుకున్నా, సారం తీసే తీరు మరో మలుపు. ఇంట్లో కషాయం అంటే నీళ్లు పోసి నాలుగో వంతు మిగిలేదాకా మరిగించడం. ప్రయోగశాలలో చాలాసార్లు వాడేది మెథనాల్ లేదా ఇథనాల్. నీటిలోకి పెద్ద చక్కెర గొలుసులు, అంటే పాలీశాకరైడ్‌లు ఎక్కువగా దిగుతాయి. ఆల్కహాలులోకి చేదు డైటెర్పీన్‌లు, ఆల్కలాయిడ్‌లు దిగుతాయి, పాలీశాకరైడ్‌లు ముద్దకట్టి అడుగున మిగిలిపోతాయి. ఒకే తీగ నుంచి తీసిన ఈ రెండు సారాలూ రసాయనపరంగా రెండు వేర్వేరు వస్తువులు. మెథనాల్ సారంతో వచ్చిన ఫలితాన్ని కషాయానికి అంటగట్టడం, నువ్వులనూనెతో చేసిన పరీక్షను తెలగపిండికి వర్తింపజేయడం లాంటిదే.

ఇక అసలు పరీక్ష. బెంగళూరులో ఏ ఫార్మసీ కళాశాల ల్యాబులోనైనా, ఏ బయోటెక్ సంస్థలోనైనా దాని రూపం ఒకటే. అరచేతిలో పట్టే పారదర్శక ప్లాస్టిక్ పళ్లెం, అందులో ఎనిమిది వరుసల్లో పన్నెండేసి చొప్పున 96 చిన్న గుంటలు, ఒక్కో గుంటలో పోషక ద్రవంలో కొన్ని వేల కణాలు. ఎక్కువగా వాడేవి రా 264.7 అనే ఎలుక మాక్రోఫేజ్‌లు. 1970లలో వైరస్ ఎక్కించిన ఒక ఎలుక కణితి నుంచి మొదలైన ఈ వంశం చావు లేకుండా నేటికీ ప్రపంచమంతటా పెరుగుతూనే ఉంది. గుంటల్లో సారాన్ని తక్కువ నుంచి ఎక్కువకు కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఉంచుతారు. మాక్రోఫేజ్ రెచ్చిపోతే నైట్రిక్ ఆక్సైడ్‌ను, టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సైటోకైన్‌లను వదులుతుంది. మర్నాడు పైనున్న ద్రవం కొంచెం తీసి గ్రీస్ రసాయనం కలిపితే, నైట్రిక్ ఆక్సైడ్ మారి ఏర్పడే నైట్రైట్ ఉన్న గుంటలు గులాబీరంగుకు తిరుగుతాయి. రంగు ఎంత చిక్కబడితే కణాలు అంత రెచ్చాయన్నమాట. సారం మోతాదు పెరిగేకొద్దీ రంగు మెట్లు మెట్లుగా ముదురుతూ పోవడం చూస్తే, మొదటిసారి ఈ పని చేస్తున్న విద్యార్థికి మూలిక గుట్టు బయటపడినట్టే అనిపిస్తుంది.

ఆ గులాబీరంగు మొక్కవల్ల వచ్చిందా? ఈ ప్రశ్న వేయడానికి కారణం ఎండోటాక్సిన్. ఈ.కోలై వంటి గ్రామ్-నెగటివ్ బ్యాక్టీరియా బయటి గోడలో ఉండే లైపోపాలీశాకరైడ్ అనే పదార్థానికే ఆ పేరు. మాక్రోఫేజ్‌ను రెచ్చగొట్టడంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. ఒక మిల్లీలీటరు ద్రవంలో గ్రాములో వందకోట్లవ వంతు ఉన్నా, అంటే ఒక నానోగ్రాము ఉన్నా, కణం గుర్తుపట్టి స్పందిస్తుంది. కణం పైన దాన్ని పట్టే గ్రాహకం టీఎల్ఆర్4 అని 1998లో బ్రూస్ బాయిట్లర్ బృందం తేల్చింది. ఆయనకు 2011లో నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. ఇప్పుడు మూలిక ప్రయాణాన్ని గుర్తుచేసుకుంటే సంగతి అర్థమవుతుంది. మట్టిలో పెరిగి, నేలమీద ఎండి, గోనెసంచిలో నిల్వ ఉండి, తేమ తగిలి వచ్చిన వేరులోనూ కాండంలోనూ బ్యాక్టీరియా లేకపోవడమన్నది ఉండదు. ఆకు లోపలి కణజాలంలోనే కాపురం ఉండే బ్యాక్టీరియా కూడా ఉంటాయి. తిప్పసత్తు సంగతే చూస్తే, తీగ దంచి నీళ్లలో పిసికి, రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున పేరుకున్న తెల్లటి పిండిని ఎండబెట్టడం దాని పద్ధతి. అంతసేపు పచ్చి రసం నీళ్లలో నిలవ ఉంటే అక్కడ తేరుకునేది పిండి ఒక్కటే అనుకోవడానికి లేదు.

మరిగిస్తే పోతుంది కదా అన్నది సహజంగా వచ్చే సందేహం. మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది, దాని గోడలోని ఎండోటాక్సిన్ చెక్కుచెదరదు. 121 డిగ్రీల ఆటోక్లేవ్‌లో పెట్టినా నమ్మకంగా నశించదు. 0.22 మైక్రాన్ల వడపోత బ్యాక్టీరియాను ఆపుతుంది, దీన్ని వదిలేస్తుంది. గాజుసామాను నుంచి దీన్ని పోగొట్టాలంటే 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట కాల్చాలి, మూలిక సారాన్ని అలా కాల్చితే మిగిలేది మసి. అంటే క్రిమిరహితమని ముద్రపడిన సారం కూడా ఈ పరీక్షకు సంబంధించినంత వరకు శుద్ధమైనది కాదు. ఆయుర్వేద ఫార్మకోపియా గ్రాము మూలిక చూర్ణంలో లక్ష వరకు బ్యాక్టీరియాను అనుమతిస్తుంది. నోటితో తీసుకునే వస్తువుకు అది సబబైన హద్దే. కాకపోతే ఆ లెక్క బతికున్న వాటిది, చచ్చి గోడలు వదిలినవి ఆ లెక్కలో ఉండవు.

ఈ అనుమానం ఊహగానం కాదు. అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ఒక పత్రం ప్రచురించారు. పాశ్చాత్య దేశాల్లో జలుబుకు వాడే ఎకినేసియా వంటి, ఇమ్యూనిటీ పెంచుతాయని పేరుపడ్డ మూలికల సారాలను తీసుకుని, వాటిలోని బ్యాక్టీరియా లైపోప్రొటీన్‌లను ఎంజైముతో విరిచి, లైపోపాలీశాకరైడ్‌ను తొలగించి చూస్తే, మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టే గుణంలో అత్యధిక భాగం మాయమైంది. మొక్క పేరున జమ అయిన ఖాతా చాలావరకు సూక్ష్మజీవిదన్నమాట. ఆ బృందం దీన్ని మూలికలకు వ్యతిరేకంగా వాడలేదన్నది గమనించదగ్గది. మొక్కలో ఉండే బ్యాక్టీరియా భాగాలే బహుశా ఈ మూలికల పనికి కారణమేమో, అందుకే ఒక్కో పంటలో ఒక్కో బలం కనిపిస్తోందేమో అన్నది వారి ఆలోచన. ఆలోచన ఆసక్తికరమైనదే. అది నిజమైతే మాత్రం ఎకినేసియానే ఎందుకు, గోంగూర ఎందుకు కాదు అన్న ప్రశ్నకు జవాబు కష్టమవుతుంది.

తిప్పతీగ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఈ తీగ నుంచి జీ1-4ఏ అనే పాలీశాకరైడ్‌ను వేరుచేసి, రోగనిరోధక కణాల మీద దాని ప్రభావాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. మూలిక మొత్తాన్ని కాకుండా ఒక్క పదార్థాన్ని పట్టుకుని, ఏ గ్రాహకం ద్వారా పనిచేస్తుందో చెప్పగలిగే స్థాయికి వెళ్లిన అరుదైన పని అది. ఆ గ్రాహకం టీఎల్ఆర్4. ఎండోటాక్సిన్ తట్టే తలుపు కూడా అదే. ఒకే తలుపు దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నప్పుడు తట్టింది ఎవరో చెప్పాలంటే రెండోవాడు అక్కడ లేడని ముందు చూపాలి. ముడి సారంతో పనిచేసే మామూలు ల్యాబులకు ఈ బాధ్యత ఇంకా ఎక్కువ.

చూపే మార్గాలు ఉన్నాయి. పాలీమిక్సిన్-బీ అనే యాంటీబయాటిక్ ఎండోటాక్సిన్‌ను పట్టి కట్టేస్తుంది. దాన్ని కలిపాక కూడా సారం పనిచేస్తే ఆ పని ఎండోటాక్సిన్‌ది కాదని కొంత నమ్మవచ్చు. టీఎల్ఆర్4 పనిచేయని సీ3హెచ్/హెచ్ఈజే ఎలుకల కణాలతో పోల్చవచ్చు. నేరుగా కొలవాలంటే ఎల్ఏఎల్ పరీక్ష ఉంది. గుర్రపుడెక్క ఆకారంలో ఉండే, పీత అని పిలిచినా నిజానికి సాలెపురుగుల చుట్టమైన ఒక సముద్ర జీవి నీలి రక్తం ఎండోటాక్సిన్ తగిలితే గడ్డకడుతుందని 1950, 60ల్లో ఫ్రెడరిక్ బ్యాంగ్, జాక్ లెవిన్ కనుక్కున్నదాని ఫలం ఇది. ఇంజెక్షన్ మందులన్నిటికీ దశాబ్దాలుగా ఇదే కాపలా. మూలికల దగ్గరికి వచ్చేసరికి ఈ కాపలాదారు కూడా తడబడతాడు. మొక్కల్లోని గ్లూకాన్‌లు అనే కొన్ని చక్కెర గొలుసులు ఎండోటాక్సిన్ లేకున్నా రక్తాన్ని గడ్డకట్టిస్తాయి, వగరు పాలీఫినాల్‌లు ఎండోటాక్సిన్ ఉన్నా గడ్డకట్టనివ్వవు. కాబట్టి సారానికి తెలిసిన మోతాదులో ఎండోటాక్సిన్ కలిపి, అంతా తిరిగి కనిపిస్తోందో లేదో కూడా చూడాలి. ఇన్ని చేసినప్పుడు ఖర్చు పెరుగుతుంది, ప్రాజెక్టు గడువు మీరుతుంది, అన్నిటికీ మించి గులాబీరంగు చెరిగిపోయే ప్రమాదం ఉంది. పత్రంలో ఈ పరీక్ష గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడానికి ఎక్కువసార్లు కారణం తెలియకపోవడమే అయినా, తెలిసి వదిలేయడానికి ఉండే ఆకర్షణ కూడా తక్కువది కాదు.

ఇదే పళ్లెంలో మరో చిన్న ఉచ్చు ఉంది. కణాలు బతికున్నాయో లేదో, పెరిగాయో లేదో చూడటానికి 1983 నుంచి వాడుకలో ఉన్న ఎంటీటీ పరీక్షలో పసుపురంగు పొడి బతికున్న కణం చేతిలో ఊదారంగు స్ఫటికాలుగా మారుతుంది. ఉసిరి వంటి యాంటీఆక్సిడెంట్లు దండిగా ఉన్న సారం ఆ మార్పును కణంతో పని లేకుండా తానే చేసేయగలదు. ఒక్క కణం కూడా లేని ఖాళీ గుంటలో సారమూ, పొడీ కలిపి చూస్తే పది నిమిషాల్లో తేలిపోయే విషయమిది. ఆ ఖాళీ గుంటను వదిలేసిన చోట ‘లింఫోసైట్‌లు వృద్ధి చెందాయి’ అన్న ఫలితం పుడుతుంది.

మోతాదు సంగతి ఇంతకంటే ముఖ్యమైనది, పైగా దీనికి ల్యాబు అక్కర్లేదు, కాగితం మీద లెక్క చాలు. పళ్లెంలో తరచుగా పనిచేసేది మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల సారం. మనిషి ఒంట్లో రక్తం దాదాపు 5 లీటర్లు. ఆ మోతాదు రక్తంలో ఉండాలంటే అర గ్రాము సారం, ఏ మార్పూ లేకుండా, ఒకేసారి మొత్తం రక్తంలో ఉండాలి. పేగులో ఇంకకుండా మిగిలిపోవడం, కాలేయంలో విరగడం, కణజాలాల్లోకి పోవడం వంటివేవీ జరగకూడదు. మూలికలోని పదార్థాలకు నిజంగా ఏమవుతుందో చూపిన ప్రసిద్ధ ప్రయోగం బెంగళూరులోనే జరిగింది. సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఫార్మకాలజీ విభాగం 1998లో ప్రచురించిన అధ్యయనంలో ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు 2 గ్రాముల కర్కుమిన్ ఇస్తే రక్తంలో అది అతి స్వల్పంగా కనిపించింది, లేదా అసలు కనిపించలేదు. మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు జతచేస్తే లభ్యత 2000 శాతం పెరిగింది.

ఆ 2000 అన్న అంకెను నేడు పసుపు క్యాప్సూల్ అమ్మే ప్రతివారూ డబ్బా మీద వేసుకుంటున్నారు. అదే ప్రయోగం చెప్పిన మొదటి సగాన్ని, అంటే కర్కుమిన్ ఒక్కటీ మింగితే రక్తంలోకి దాదాపు రాదన్న సంగతిని, ఎవరూ వేయరు. దాదాపు సున్నాకు ఇరవై రెట్లు కలిపినా అది పెద్ద సంఖ్య కాదు. 2 గ్రాముల కర్కుమిన్ కోసం 60 నుంచి 70 గ్రాముల పసుపు కావాలి కాబట్టి, చిటికెడు పసుపు వేసిన మిరియాల పాలకు ఈ లెక్క వర్తించదు. జలుబు పట్టినప్పుడు ఆ పాలు గొంతుకు ఇచ్చే హాయి నిజమే, దానికి మాక్రోఫేజ్‌లతో పని లేదు. పైపెరిన్ చేసే మేలుకు రెండో వైపు కూడా ఉంది. అది పదార్థాలను విరిచే ఎంజైములను నెమ్మదింపజేయడం ద్వారానే లభ్యతను పెంచుతుంది. ఆ ఎంజైముల మీద ఆధారపడే ఇతర మందులు, ఉదాహరణకు కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు లెక్క తప్పకుండా వేసుకునే టాక్రోలిమస్ వంటివి, అదే కారణంతో రక్తంలో హద్దు దాటవచ్చు.

ఎలుకల మీది పరీక్షలు పాత పద్ధతిలో సాగుతూనే ఉన్నాయి. గొర్రె ఎర్రకణాలు ఎక్కించి యాంటీబాడీలు ఎంత పుట్టాయో చూడటం, పాదం వాపును కొలవడం, సైక్లోఫాస్ఫమైడ్‌తో తెల్లకణాలను పడగొట్టి మూలిక వాటిని లేపుతుందేమో చూడటం వాటిలో ముఖ్యమైనవి. ఇవి పనికిరానివి కావు, కానీ గుంపుకు ఆరు ఎలుకలతో, కొలిచేవారికి ఏ ఎలుకకు ఏమిచ్చారో తెలిసి ఉండగా చేస్తే, మిల్లీమీటరులో పదో వంతు వాపు తేడాను నమ్మడం కష్టం. ఇక్కడ కూడా మోతాదే అడ్డు. ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాములు ఇస్తే, శరీర ఉపరితలాన్ని బట్టి మనిషికి మార్చేటప్పుడు దాన్ని 12.3తో భాగించాలి. 60 కిలోల మనిషికి అది దాదాపు 2 గ్రాముల సారం. ఎండు తీగలో పదో వంతు సారం దిగుతుందనుకుంటే రోజుకు 20 గ్రాముల ఎండు తీగ.

చివరికి మనుషుల దగ్గరికి వచ్చేసరికి పరిశోధనలు బాగా పలచబడతాయి. ప్రాచీన గ్రంథాల్లో ఉన్న యోగాలను చట్టప్రకారం క్లినికల్ ట్రయల్ లేకుండానే అమ్మవచ్చు, తిప్పతీగ మీద పేటెంట్ ఎవరికీ రాదు, కాబట్టి కోట్లు ఖర్చుపెట్టి పరీక్షించే తొందర ఎవరికీ లేదు. చేద్దామన్నా చేదు ఒక సమస్య. నేలవేము కషాయం ఒక గుంపుకూ, దాన్ని పోలిన ఉత్తుత్తి కషాయం మరో గుంపుకూ ఇవ్వాలంటే, ఆ ఉత్తుత్తిది కూడా అంతే చేదుగా ఉండాలి, ఆ చేదు దేనివల్ల వచ్చినా దానికి వేరే పని ఉండకూడదు. చాలా అధ్యయనాలు సైటోకైన్‌ను కొలిచి ఆగిపోతాయి. ఫ్లూ టీకా వేసి, మూలిక తీసుకున్నవారిలో యాంటీబాడీలు ఎక్కువ వచ్చాయా అని చూడటం, ఒక సంవత్సరంలో ఎన్నిసార్లు జ్వరం వచ్చిందో లెక్కపెట్టడం వంటివి అంతకంటే అర్థవంతమైన కొలతలు.

పరీక్షించకుండా వాడినప్పుడు మనుషుల్లో ఏమవుతుందో మాత్రం కొంత తెలిసింది. 2021లో ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్న తీరును ప్రచురించారు. 2022లో దేశంలోని 13 కేంద్రాల నుంచి 43 మంది రోగుల వివరాలతో మరో అధ్యయనం వచ్చింది. ఈ కేసుల్లో కనిపించింది మామూలు విషప్రభావంలా లేదు, ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలి ఉంది. అంటే రోగనిరోధక వ్యవస్థే సొంత కాలేయం మీద తిరగబడింది. కొందరిలో అప్పటివరకు చడీచప్పుడు లేకుండా ఉన్న ఆ జబ్బును తిప్పతీగ బయటికి లాగి ఉంటుందని వైద్యులు భావించారు. ఇది ఏ మొక్కో ముందు తేల్చమని మంత్రిత్వ శాఖ అడగడం న్యాయమే. క్రిస్పా తేడాలు చెప్పింది ఈ వాదంలో భాగంగానే. విచిత్రమేమిటంటే, ఇమ్యూనిటీ పెంచుతుందన్న ప్రకటనలకు ఆధారంగా చూపే పత్రాలను కూడా ఇదే ప్రశ్న అడగాలి, అక్కడ ఎవరూ అడగరు. మూలిక రోగనిరోధక వ్యవస్థను నిజంగానే ఉసిగొలిపేదైతే, ఆ ఉసి తప్పుదారి పట్టే మనుషులు కొందరుంటారన్నది ఊహకు అందని విషయమేమీ కాదు.

ఇంత చెప్పాక మొక్కల సారాలు ఈ వ్యవస్థ మీద పనిచేయవని అనుకుంటే పొరపాటు. తమిళనాడు రాష్ట్ర పుష్పమైన అడవినాభి గింజల నుంచి, గడ్డ నుంచి వచ్చే కోల్చిసిన్ న్యూట్రోఫిల్‌ల కదలికకు అడ్డుపడి గౌట్ నొప్పిని తగ్గిస్తుంది, మోతాదు కాస్త మించితే ప్రాణం తీస్తుంది. ఉత్తేజపరిచే వైపు ఉదాహరణ చిలీ దేశపు క్విల్లాయా చెట్టు. దాని బెరడు మన కుంకుడుకాయలాగే నీళ్లలో నురగ కడుతుంది, కారణం కూడా అదే, సాపోనిన్‌లు. బెరడు సారం టీకాల బలం పెంచుతుందని చాలాకాలం నుంచి తెలిసినా, ముడి సారం మనుషులకు పనికిరానంత ఘాటైనది. పరిశోధకులు దాన్ని క్రోమటోగ్రఫీ గొట్టంలోంచి పంపి భాగాలుగా విడదీసి, ఒక్కోదాన్నీ పరీక్షిస్తూ పోతే 21వ శిఖరం దగ్గర బలమూ సౌమ్యతా కలిసిన పదార్థం దొరికింది. దాని పేరు అందుకే క్యూఎస్-21. 2017లో అమెరికాలో అనుమతి పొందిన షింగ్రిక్స్ అనే సర్పి టీకాలో అది ఉంది. 2021లో ఆఫ్రికా పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఆర్‌టీఎస్,ఎస్ మలేరియా టీకాలోనూ ఉంది.

షింగ్రిక్స్ ఒక మోతాదులో క్యూఎస్-21 ఉండేది 50 మైక్రోగ్రాములు. దానికి తోడుగా మరో 50 మైక్రోగ్రాములు ఎంపీఎల్ అనే పదార్థం ఉంటుంది. అది సాల్మొనెల్లా బ్యాక్టీరియా గోడ నుంచి తీసి, విషం తగ్గించిన ఎండోటాక్సిన్ రూపం, టీఎల్ఆర్4 తలుపునే తడుతుంది. మొక్క ఒకటి, సూక్ష్మజీవి ఒకటి. ఏది ఎంతో ఆ టీకాతో వచ్చే కాగితం మీద విడివిడిగా అచ్చువేసి ఉంటుంది.